బాలల కూచిపూడి తరగతులు: సంఘ సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన సంఘం ఆధ్వర్యంలో జరుగుతున్న బాలల కూచిపూడి తరగతుల గడిచిన సంవత్సరపు నివేదికను మీ ముందు ఉంచుతున్నాము. ఈ ఏడాది ప్రదర్శనలు తగ్గాయి, సాధన పెరిగింది. ఇది గురువుగారితో చర్చించి కార్యవర్గం తెలిసి తీసుకున్న నిర్ణయమే. కొందరు తల్లిదండ్రులకు ఇది నచ్చలేదన్న సంగతి మా దృష్టికి వచ్చింది కనుక, కారణాలను కొంత వివరంగానే చెప్పవలసి ఉంది.

ఇంతకుముందు పిల్లలు చేరిన కొద్ది నెలలకే ఒక నృత్యాంశం నేర్పి వేదిక ఎక్కించేవాళ్లం. చూడటానికి ముచ్చటగానే ఉండేది. అయితే అడవులు (నాట్యానికి మూలమైన అడుగుల వరుసలు) గట్టిపడకముందే పాటకు తగిన కదలికలను కంఠస్థం చేసిన పిల్లలు, రెండో అంశం మొదలుపెట్టేసరికి మళ్లీ మొదటికే వచ్చేవారు. అందుకని మొదటి శ్రేణి విద్యార్థులు ప్రతి అడవునూ మూడు కాలాల్లోనూ (వేగాల్లోనూ) అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమ, చెడకుండా చేయగలిగే వరకు అంశం జోలికి వెళ్లకూడదని నియమం పెట్టుకున్నాము. మొదటి కాలంలో చక్కగా కూర్చుని చేసే పిల్లలు మూడో కాలానికి వచ్చేసరికి తమకు తెలియకుండానే మోకాళ్లు చాచి పైకి లేచిపోతారు. ఆ ఒక్క లోపాన్ని సరిదిద్దడానికే ఊహించినదానికన్నా చాలా ఎక్కువ సమయం పట్టింది.

తాళజ్ఞానానికి ప్రతి తరగతిలో విడిగా కొంత సమయం కేటాయించాము. ఒకరోజు గురువుగారు పిల్లలను నేల మీద కూర్చోబెట్టి, చేతులతో ఆదితాళం వేస్తూ తాళంలోని ఒక్కో అక్షరానికి (లెక్కకు) ఒక్కో శబ్దం చొప్పున ‘త-కి-ట’ చెప్పమన్నారు. ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, ఎనిమిది అక్షరాలే కావడంతో మొదటి ఆవర్తనం ముగిసేసరికి మాట మధ్యలో తెగింది. తప్పు తమదే అనుకుని సగం మంది ఆపేశారు. ఆపకుండా చెప్పుకుంటూ పోయిన ఇద్దరు, మూడు ఆవర్తనాలయ్యాక, అంటే 24 అక్షరాలకు, ‘తకిట’ సరిగ్గా సమానికి (ఆవర్తనం మొదలయ్యే చోటికి) వచ్చి కలవడం చూసి కేకలు పెట్టారు. ఆ తరువాత వారం ఐదు అక్షరాల ఖండజాతి ‘తకతకిట’ను కూడా అలాగే లెక్కకట్టి చూస్తామని పిల్లలే అడిగారు. ఇలాంటివి వేదిక మీద కనిపించవు, ఫొటోలలోకీ రావు. మా దృష్టిలో మాత్రం ఈ సంవత్సరం జరిగిన మంచి పని ఇదే.

రెండో శ్రేణివారు అభినయదర్పణం అనే నాట్యగ్రంథంలోని 28 అసంయుత హస్తాలను (ఒంటిచేతి ముద్రలను) శ్లోకంతో సహా నేర్చుకుని, వాటి వినియోగాలలోకి ప్రవేశించారు.

నేల విషయంలో మా వల్ల ఒక పొరపాటు జరిగింది. సిమెంటు గచ్చు మీద వట్టి పాదాలతో పదేపదే తట్టడం వల్ల కొందరు పిల్లలు మడమ నొప్పి అంటున్నారని తెలిసి, తొందరపడి మెత్తటి నురుగు చాపలు పరిపించాము. వాటిలో పాదం కూరుకుపోయి చీలమండ పక్కకు ఒరిగేది. పైగా పాదం తట్టిన శబ్దం అణిగిపోయేది. ఎవరి పాదం ఆలస్యంగా పడుతోందో చెవితోనే కనిపెట్టే గురువుగారికి అది పెద్ద ఆటంకమైంది. ఎదిగే వయసులో మడమ ఎముక అంచున పెరుగుదల భాగం ఇంకా గట్టిపడి ఉండదని, అక్కడ నొప్పి ఉంటే ఓర్చుకుని చేయించకుండా విశ్రాంతి ఇవ్వాలని వైద్యులు సూచించారు. చివరకు చాపలు తీసేసి, చెక్క దూలాల మీద ప్లైవుడ్ పలకలు బిగించి, దూలాల కింద రబ్బరు ముక్కలు పెట్టించాము. నొప్పి ఉన్నవారు ఆ రోజుకు కూర్చుని తాళం వేస్తారు; దాన్ని గైర్హాజరుగా లెక్కించడం లేదు.

మగపిల్లలు ఇప్పటికీ తక్కువే. కూచిపూడి భాగవత మేళాలలో (నాట్య బృందాలలో) తరతరాలుగా స్త్రీపాత్రలతో సహా అన్నీ మగవారే ధరించారని, సత్యభామ పాత్రకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ లభించిందని చెప్పినప్పుడు పిల్లలు ఆసక్తిగా విన్నారు. నిజానికి ఈ సంగతి చెప్పవలసింది పెద్దలకే అనిపించింది.

దుస్తుల ఖర్చు భారంగా ఉందన్న సభ్యుల మాట మన్నించి, ఆహార్యాన్ని సంఘమే కుట్టించి ఒకరి తరువాత ఒకరికి ఇచ్చే పద్ధతి ప్రారంభించాము. పిల్లలు ఎదిగినప్పుడు విప్పుకునేందుకు వీలుగా కుట్ల లోపల అదనపు బట్ట వదిలించాము. గజ్జెలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి.

సంవత్సరాంతంలో ఒకే ఒక ప్రదర్శన, అదీ తరగతి గదిలోనే, రికార్డు పాట లేకుండా గురువుగారి నట్టువాంగంతో (తాళం వేస్తూ నోటితో జతులు చెప్పడంతో) జరిగింది. తల్లిదండ్రులు నేల మీద కూర్చుని చూశారు. మధ్యలో ఒక వరుసలోని పిల్లలు అడవు మరిచిపోయి ఆగిపోగా, గురువుగారు తాళం ఆపకుండా అదే సొల్లుకట్టును (ఆ అడవుకు పలికే జతిని) మళ్లీ అందుకున్నారు; పిల్లలు మూడో ఆవర్తనానికి కలిసిపోయారు. రికార్డు పాటకైతే ఆ వెసులుబాటు ఉండేది కాదు.

పెద్ద శ్రేణివారికి ఇత్తడి పళ్లెం మీద నిలిచి ఆడే తరంగం నేర్పాలన్న వినతిని గురువుగారు ఈ సంవత్సరానికి అంగీకరించలేదు. పళ్లెం అంచు మీద నిలవడానికి కావలసిన పాదబలం ఇంకా రావాలని వారి అభిప్రాయం. ప్రతి తరగతిలో గురువుగారితో పాటు మరొక పెద్దవారు తప్పనిసరిగా ఉండాలన్న నియమాన్ని కొన్ని వారాలు పాటించలేకపోయాము. వచ్చే సంవత్సరానికి వంతుల పట్టికను తలుపు పక్కన అంటించాము. శనివారం సాయంత్రపు గళ్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. వీలున్న సభ్యులు తమ పేర్లు రాయవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కార్యవర్గం