స్కాన్ చేసిన పాత కాగితాల గురించి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మన ఇళ్లలోని పాత తెలుగు ఉత్తరాలు, ఒడిశా ఏర్పడిన 1936కి ముందటి దస్తావేజులు స్కాన్ చేశాం, చాలా సంతోషం. కానీ అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నాయి. నాకు అదే టెన్షన్.

నిన్న మా తాతగారి ఉత్తరాలున్న సీడీ పెడితే తెరుచుకోలేదు. తీసి చూస్తే వెండిరంగు పూత పెచ్చులుగా లేచిపోయింది. ప్రాణం ఉసూరుమంది.

అందుకని మూడు కాపీలు ఉంచుదాం, రెండు రకాల పరికరాల్లో, ఒకటి మాత్రం వేరే ఊళ్లో. 2018లో తిత్లీ తుపాను చూశాం కదా. విశాఖలో ఉంటున్న మన పిల్లలెవరైనా ఆ మూడోది దాచగలరా?

ఫొటోలు ఇక్కడ మామూలుగా పెట్టకండి, వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరులో ఏడాది, ఇంటిపేరు ఉండాలి. ఏటా ఉగాదికి అన్నీ ఒకసారి తెరిచి చూద్దాం.

కొత్త డిస్కు సంగతి మాట్లాడటానికి ఆదివారం సాయంత్రం మా ఇంటికి రండి.