పాత ఫోన్లు ఇచ్చిన అందరికీ, విశాఖ పెదజాలరిపేట నుంచి

నెల కిందట మా బడి పిల్లల చదువు కోసం నేను అడిగింది రెండు మూడు పాత ఫోన్లు. వచ్చినవి 23. ముందు అందరికీ ఓ దణ్ణం.

సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. నేను గవర్నమెంటు హైస్కూల్లో సైన్స్ చెబుతాను. పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు, వీడియో లింకులు పెడుతుంటాను. ఒక పిల్ల వారం రోజులు ఏదీ చేసుకురాలేదు. గట్టిగానే అడిగాను. "ఫోను నాన్నతో వేటకెళ్లిపోనాది మేడమ్" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. హార్బర్ నుంచి పెద్ద బోటు కదిలితే తిరిగొచ్చేది ఎన్నాళ్లకో. నా రిజిస్టర్లో మాత్రం ఆ పిల్ల పేరు పక్కన "స్మార్ట్‌ఫోన్ ఉంది" అని నా చేత్తోనే రాసుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ ఫోను ఇంట్లోనే ఉంటుంది. అప్పుడేమో చాలావరకూ మాకు వేసవి సెలవులు! 2020లో బడులు మూసేసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. టీవీ వేటకెళ్లదు కదా.

వచ్చిన 23లో పనికొచ్చినవి 14. ఆరింటిని రీసెట్ చేస్తే పాత యజమాని జీమెయిల్, పాస్‌వర్డ్ అడిగి అక్కడే నిలబడిపోయాయి. ఫోన్లు చేసి బతిమాలాం. ఎంవీపీ కాలనీ బాబాయిగారొకరు పాస్‌వర్డ్ గుర్తురాక, అమెరికాలో ఉన్న కొడుకుని అర్ధరాత్రి నిద్రలేపి కనుక్కుని మరీ చెప్పారు. మీరు పెట్టిన పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పను బాబాయిగారూ, కానీ పిన్నిగారికి తెలిస్తే మురిసిపోతారు.

డాబాగార్డెన్స్‌లో ఫోన్లు బాగుచేసే తమ్ముడు బ్యాటరీలకు అసలు ధర తీసుకున్నాడు, చేతికూలి పైసా ముట్టలేదు. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివే ఇద్దరమ్మాయిలు వాళ్ల హాస్టల్ వైఫై మీద ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠాలన్నీ దింపి పెట్టారు. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే పాఠం వస్తుంది. ఈ యాప్ 2017 నుంచీ ఉన్నదే. ఆ పాఠాన్ని ముందే దింపుకుంటే తర్వాత నెట్ లేకపోయినా చూడొచ్చని వాళ్లు చూపించేదాకా నాకు తట్టలేదు. బీఈడీ చదివాను, ఏం లాభం! కొన్ని ముసలి ఫోన్లలో యాప్ ఎక్కలేదు. వాటి కోసం కాంతి పరావర్తనం, విద్యుత్తు పాఠాలు నేనే తెలుగులో చెప్పి రికార్డు చేశాను. మెమరీ కార్డులు ఆ అమ్మాయిలే కొన్నారు.

అందరికంటే ఎక్కువ రుణపడింది పోర్టులో చేసి రిటైరైన మావయ్యగారికి. సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా తన వరండా పిల్లలకి ఇచ్చేశారు. ఓ ట్యూబులైటు, పొడవాటి స్విచ్చుబోర్డు, మంచినీళ్ల బిందె. ఫోన్లు అక్కడే ఉంటాయి, ఇళ్లకి వెళ్లవు. వెళ్తే మళ్లీ ఎవరితోనో వేటకెళ్తాయి. నిన్న వెళ్లి చూస్తే ఆ పిల్ల, పగిలిన అద్దానికి సెల్లోటేపు వేసిన ఫోన్లో కుంభాకార దర్పణం బొమ్మ దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ ఆపి నోట్సులో గీసుకుంటోంది. నన్ను చూసి తల కూడా ఎత్తలేదు.

ఇంకా ఫోన్లు పంపుతామంటున్నారు. ఇప్పటికి చాలు. పంపినవాటిలో సగం పాత సన్నపిన్ను ఛార్జరువి, అలాంటి ఛార్జర్లు మూడే ఉన్నాయి. మీ డ్రాయర్లలో ఉంటే అవి పంపండి.