పక్కన పెట్టిన 41 స్కాన్లు

పెరంబూరు, చెన్నై

అమ్మలూ,

ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట ఒకటి నన్ను వదలడం లేదు. "మా ప్రోగ్రాంకి నేర్పే డేటా శుభ్రం చేశాం నాన్నా, పేషెంటు కదిలి చెడిన స్కాన్లు 41 తీసేశాం" అన్నావు, బియ్యంలో రాళ్లు ఏరేసినంత తేలిగ్గా. నేను ఊఁ కొట్టి ఫోను మీ అమ్మకిచ్చేశాను. కాఫీ చల్లారిపోయింది.

దాని సంగతి చెప్పేముందు నీకు నేనొక బాకీ ఉన్నాను. ల్యాబులో చేరిన మొదటి వారం అడిగావు చూడు, "ప్రోగ్రాంలో ఫిల్టరు పేరు రామ్-లాక్ అని ఉంది, ఎవరు నాన్నా ఈయన?" అని. ముప్పై ఏళ్లు స్కాన్ మెషీన్ నడిపే కన్సోల్ ముందు కూర్చున్నవాణ్ణి, నాకు తెలియలేదు. మా సీటీ మెషీన్లలో ఆ పేరు కనబడేది కాదు. ఎముకకి 'బోన్', మిగతావాటికి 'స్టాండర్డ్', నొక్కడమే మా పని. సిగ్గేసి వెతికి చదివాను. ఒకాయన కాదు, ఇద్దరు. జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్. రామచంద్రన్ గారు మద్రాసు యూనివర్సిటీలో, మన గిండీలోనే, చాలా ఏళ్లు పనిచేసి, నీలాగే ఇక్కణ్ణుంచి బెంగళూరు వెళ్లారు. అక్కడ ఐఐఎస్‌సీలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ పెట్టారు. వీళ్లిద్దరి పేపరు 1971 సెప్టెంబరులో వచ్చింది. ఆ వెంటనే అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ కట్టిన సీటీ మెషీన్ మీద మొదటి పేషెంటు తలకి స్కాన్ తీశారు. 1979 నోబెల్ హౌన్స్‌ఫీల్డ్‌కీ, సీటీ లెక్కల మీద ముందే పనిచేసిన కార్మాక్‌కీ వెళ్లింది. మనవాళ్లకి ఇవ్వలేదని గుండెలు బాదుకునేవాళ్లు బాదుకోనీ, నాకు ఆ లెక్క నచ్చింది.

సీటీలో తల చుట్టూ తిరుగుతూ తీసిన ఎక్స్‌రే నీడలన్నిటినీ వచ్చిన దారినే వెనక్కి పరిస్తే బొమ్మ వస్తుంది గానీ, ముగ్గు మీద చెయ్యి పడ్డట్టు అలుక్కుపోయి వస్తుంది. ఆ అలుకుడు పోవాలంటే ఫూరియే లెక్కల గుండా చుట్టు తిరిగి రావాలి. వీళ్లు ఆ చుట్టు మానేసి, నీడ మీదే నేరుగా గుణించి కూడేశారు. నువ్వడిగిన ఫిల్టరు అదే. నీడలో ఒక్కో రీడింగు ఒక గడి అనుకో. నడిమి గడికి పావు. దానికి అటూ ఇటూ ఉన్న గడికి 0.1013 చొప్పున తీసివేత. రెండో గడికి సున్నా. మూడో గడికి ఆ తీసివేతలో తొమ్మిదో వంతు, నాలుక్కి మళ్లీ సున్నా, ఐదుకి ఇరవై ఐదో వంతు. డిప్లొమావాడికి ఇంతకన్నా ఏం కావాలి! కరెంటు బిల్లు వెనక కాలిక్యులేటరు పెట్టుకుని కూడుతూ పోయాను. ఏడో గడి దాటేసరికి 0.25లో 0.0126 మిగిలింది. అలా పోతే చివరికి మిగిలేది సున్నాయేనట. నడుమ ఇచ్చిందంతా పక్కవాళ్ల దగ్గర వసూలు చేసేస్తుంది. నాకు నవ్వొచ్చింది, మన చీటీల నాగరత్నమ్మత్త గుర్తొచ్చి.

అయితే మొదటి నీడ నుంచి చివరి నీడ దాకా మనిషి కదలకూడదు. ఆ లెక్కకి అది ఆధారం.

మొన్న ఐఐటీ మద్రాసు వాళ్ల మెదడు బొమ్మల సంపుటం 'ధరణి' కూడా చూశాను. సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో బయటపెట్టింది. 14 నుంచి 24 వారాల గర్భస్థ శిశువుల మెదళ్లు ఐదు. గడ్డకట్టించి, వెంట్రుకకన్నా సన్నగా కోసి, 5,132 కోతల్ని కణం కణం కనబడేలా బొమ్మలు తీశారు. ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. నేను రాత్రి ఒంటిగంట దాకా పెద్దవి చేసుకుంటూ చూశాను. మీ అమ్మ వెనక నించుని "ఎవరి బిడ్డలో" అని లోపలికి వెళ్లిపోయింది. అంత స్పష్టంగా తీయగలిగారంటే వాళ్ల గొప్పతనం ఉంది, కాదనను. అవి ఇక కదలవు కూడా.

నా దగ్గరికొచ్చినవాళ్లు కదిలేవాళ్లు. సీటీలోనే కాదు, ఎమ్మారైలోనూ కదిలితే బొమ్మ చెడుతుంది. ఆ అయస్కాంతం గదిలో లోహం ఉండకూడదు కదా. మెట్టెలు, జడపిన్నులు తీసిచ్చినంత తేలిగ్గా పుస్తెలు తీసివ్వరు. బతిమాలితే తీస్తారు. లోపలికి వెళ్లాక చెయ్యి మాటిమాటికీ మెడ మీదికి పోతుంది. ఇరవై నిమిషాల స్కాను, నాలుగోసారీ బొమ్మ చెడింది ఒకావిడకి. ఆయా వచ్చి పసుపు కొమ్ము కట్టిన దారం ఒకటి ఆవిడ మెడలో వేసింది. అంతే, రాయిలా పడుకుంది. ఆ రోజు నుంచి నా సొరుగులో పసుపు తాళ్ల కట్ట ఎప్పుడూ ఉండేది. చేతులు వణికే పెద్దాయనకి, పదకొండు రోజులుగా దగ్గుతున్న కుర్రాడికి మాత్రం నా దగ్గర ఏ తాడూ లేదు. వాళ్లవి కదిలిన స్కాన్లుగానే వెళ్లాయి. కింద 'మోషన్ ఆర్టిఫాక్ట్', అంటే కదలడం వల్ల వచ్చిన మచ్చ, అని రాసి పంపించాను.

నువ్వు చెప్పిన కారణం అర్థమైంది. తక్కువ రీడింగులతో పూర్తి బొమ్మ కట్టడం మీ పని. కట్టింది సరిగా ఉందో లేదో పోల్చుకోడానికి సరైన బొమ్మ పక్కన ఉండాలి. కదిలినవాళ్లకి అది ఉండదు. సరే, నేర్పడానికి వద్దు. పరీక్ష పెట్టడానికి? మీ ప్రోగ్రాం ఆ వణికే పెద్దాయన లాంటివాళ్ల దగ్గర ఎంత తడబడుతుందో ఒకసారి చూడండి. స్కాను సమయం సగానికి తగ్గిస్తే ఎక్కువ లాభం ఎవరికి? కదలకుండా పడుకోగలిగినవాడు ఇరవై నిమిషాలైనా పడుకుంటాడు. మీరు ఏరేసినవాళ్లకే కదా తొందర. మీ గైడు గారిని అడుగు, నాన్న అడిగాడని చెప్పకపోయినా ఫర్వాలేదు. ఆ 41 చెరిపెయ్యకుండా వేరే ఫోల్డర్లోనైనా ఉంచండి.

దసరాకి వస్తావుగా. నాతో పనిచేసినతను ఇప్పుడు విల్లివాక్కంలో స్కాన్ సెంటర్లో ఉన్నాడు. రెండు రోజులు కన్సోల్ పక్కన కూర్చోనిస్తానన్నాడు. ఉదయం ఏడింటికే మొదలు. జడపిన్నులు లెక్కపెట్టి తీసుకోవడం నీ పని.

నాన్న