గోడ కుర్చీ కనిపించాడు!

రాజమండ్రి,
మంగళవారం మధ్యాహ్నం

ఒరేయ్ సత్తీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తప్పు నాదే. కానీ బోర్లా పడుకుని ఉత్తరం రాయడం ఎలా ఉంటుందో ఓసారి చూసి, అప్పుడు తిట్టు. అమ్మ బాగుంది. బుజ్జిది పదిలోకొచ్చింది. వంటింటి కప్పు ఇంకా కారుతూనే ఉంది. ఇవన్నీ సరే, నిన్న దారం మార్పించుకోడానికి వెళ్తే అక్కడ ఎవరు కనిపించారో తెలుసా? గోడ కుర్చీ! మన లెక్కల మాస్టారు!

ఆగు, దారం సంగతి నీకు చెప్పనేలేదు కదూ. అవున్రా, మూడోసారి. మొదట గడ్డ కోసి చీము తీశారు. రెండోసారి ఫిస్టులా అని, అంటే మలద్వారం పక్కన లోపలికి దారి పడిందని, లేజర్ చేశారు. ఐదు నెలలు హాయిగా తిరిగాను. ఓ పొద్దున చూస్తే లుంగీ మీద మళ్లీ అదే మరక. ఆ రోజు బాత్రూంలో కుళాయి తిప్పేసి... సరే, వదిలెయ్.

ఎమ్మారైలో తేలిందేమిటంటే, లోపల దారి ఒకటి కాదట. ధవళేశ్వరం దాటాక మన గోదారి చీలినట్టు చీలిందట. వాళ్లు గౌతమిని చూసుకుని వసిష్ఠని వదిలేశారన్నమాట. అంతా ఒక్కసారే కోసేద్దామంటే కండరం తెగి, ఆపుకునే పట్టు పోవచ్చు. అందుకని ఈసారి ఆయుర్వేదం డాక్టరు చిన్న పాయని కోసి తెరిచి, పెద్దదాంట్లో క్షారసూత్రం వేశారు. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు, మొత్తం 21 పూతలు పూసిన దారం. అది మెల్లగా కోసుకుంటూ వస్తుంటే వెనకాలే పుండు మానుతూ వస్తుంది. వారం వారం మార్చాలి. మార్చిన రోజు మంట ఎలా ఉంటుందంటే, మీ అత్తగారి ఆవకాయ గుర్తుందిగా? అదే, చోటు వేరు.

సరే, నిన్న. హాల్లో ఓ పదిహేనుమందిమి ఉన్నాం. కుర్చీలన్నీ ఖాళీ, జనమంతా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. కొత్తగా చేరిన నర్సమ్మ వచ్చి, "కూర్చోండి తాతగారూ" అంది. "కూర్చోగలిగితే ఇక్కడికెందుకొస్తానమ్మా" అని ఓ గొంతు. ఆ గొంతు విన్నానో లేదో నా వీపు నిటారైపోయింది. చొక్కా జేబులో అదే ఎర్ర పెన్ను!

నన్ను పోల్చుకుని, "నువ్వా! ఎన్నోసారి?" అన్నారు, మార్కులడిగినట్టు.

"మూడోసారి మాస్టారూ."

"నాది నాలుగు" అన్నారు. అందులోనూ ఆయనే ఫస్టు!

ఇద్దరం పక్కపక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాం. బళ్లో ఆయన మనచేత వేయించిన గోడ కుర్చీలు గుర్తొచ్చి నవ్వాగలేదురా. ఆయనకి అర్థమైందో ఏమో, "మిమ్మల్ని ఊరికే గోడ కుర్చీ వేయించానట్రా? ప్రాక్టీసు" అన్నారు. నవ్వితే అక్కడ లాగుతుందని తెలిసీ ఇద్దరం నవ్వాం.

తీసిన దారాన్ని ప్రతివారం కొలుస్తారు. "మొదట ఎంత, ఇప్పుడెంత?" అన్నారు. మొదట ఏడున్నర సెంటీమీటర్లు, మూడు వారాలకి నాలుగున్నర అన్నాను. "అయితే ఇంకెన్నాళ్లు?" ఒరేయ్, ముప్ఫయ్యేళ్ల తర్వాత మళ్లీ నోరు పెగల్లేదు! "ఇదే లెక్కన పోతే ఐదు వారాలు. నీకు ఇంకా లెక్కలు రావురా" అన్నారు.

తర్వాత ఎందుకో ఆ కుళాయి సంగతి ఆయనకి చెప్పేశాను. ఇంట్లో కూడా చెప్పలేదు, తెలుసా? ఆఫీసులో నడుంనొప్పి అనే చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను పెరట్లో మోటారు వేసుకునేవాణ్ణి" అన్నారు. అంతలో ఆయన నంబరు పిలిచారు. కర్ర నా చేతికిచ్చి లోపలికెళ్లారు. ఆయన కర్ర, నా చేతిలో! ఆ వినాయకచవితి నాడు మనం దాచింది ఇదేనేమో అని తిప్పి చూశాను కూడా. బయటికొచ్చాక ఏమన్నారో చెబితే నువ్వు నమ్మవు, కానీ నీళ్లు కాగాయని మీ చెల్లెలు అరుస్తోంది. టబ్బులో పావుగంట కూర్చోవాలి, చల్లారితే లాభం లేదు. మిగతాది వచ్చే సోమవారం దారం మార్చాక

నీ
బాబ్జీ