అన్నా, సైట్లో గొడవ సంగతి

అన్నా,

డబ్బులు అందాయని వదిన మెసేజ్ పెట్టింది. చిట్టీ కట్టగా మిగిలినవాటితో అమ్మ మోకాలికి స్కానింగ్ చేయించండి, వచ్చే నెల చూద్దామని ఆపొద్దు. ఫోన్ చేద్దామంటే రూములో అందరూ ఉంటారు, అందుకే రాస్తున్నా.

మా సైట్లో కొట్టుకున్నారని మనూరి పిల్లాడు చెప్పాడట కదా. నాకేం కాలేదు. కాలర్లు పట్టుకోవడం వరకే, అంతలోనే విడదీశాం. పరాయి దేశాల వాళ్ళతో పని అని అమ్మ ఏడుస్తోందన్నావు, నువ్వే నెమ్మదిగా చెప్పు. నాకు జ్వరమొస్తే గంజి కాచి పోసింది మా నేపాల్ అబ్బాయే.

నువ్వు సెంట్రింగ్ చేసినవాడివి, నీకు అర్థమవుతుంది. బాత్రూం పైపులు దూరే రంధ్రాల కోసం ప్లంబర్లు స్లాబ్‌లో స్లీవులు, అవే గొట్టం ముక్కలు, పెట్టారు, కన్సల్టెంట్ చూసి సంతకం కూడా పెట్టాడు. తర్వాత రాడ్ బెండింగ్ వాళ్ళు రాడ్లు సరిచేస్తూ అడ్డమొచ్చిన స్లీవును తీసి పక్కన పడేశారు, ఎవరికీ చెప్పలేదు. ఎండాకాలం కదా, దుబాయ్‌లో కాంక్రీటు రాత్రిపూటే పోస్తాం, ఆ చీకట్లో ఎవరి కంటా పడలేదు. సెంట్రింగ్ విప్పి చూస్తే పైపు రావాల్సిన చోట రంధ్రమే లేదు. ఇక మిషన్‌తో కోయాల్సిందే, లోపల రాడ్లు ఎక్కడున్నాయో స్కాన్ చేయాలి, స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకోవాలి, అప్పటిదాకా కింది ఫ్లోర్ పని బంద్. ప్లంబర్లది పాకిస్తాన్, రాడ్ వాళ్ళది బంగ్లాదేశ్, దాంతో చూసేవాళ్ళకు దేశాల గొడవలా కనిపించింది. కాదన్నా. ఇద్దరి కాంట్రాక్టర్లు వేరు, రాడ్ కాంట్రాక్టరుకు టన్నుల లెక్కన బిల్లు కాబట్టి మనుషుల్ని ఉరుకులు పెట్టిస్తాడు, ఆ కోత ఖర్చు ఎవరిదని పైవాళ్ళు ఈమెయిళ్ళలో వాదించుకుంటే తిట్లన్నీ వచ్చి కింద పనిచేసేవాళ్ళ మీద పడ్డాయి. మనిల్లు కట్టేటప్పుడు మేస్త్రీకీ కరెంటు పనివాళ్ళకూ ఎంత గొడవైందో గుర్తుందా? వాళ్ళంతా ఒక్క మండలం వాళ్ళే కదా.

నా టెన్షన్ అంతా అర్థం కాకపోయినా తలూపేవాళ్ళ గురించే. పొద్దున పని మొదలయ్యే ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో సేఫ్టీ ఆయన ఇంగ్లిష్‌లో చెప్పుకుపోతాడు, అందరూ తలూపి సంతకం పెడతారు. కొత్తగా వచ్చినవాళ్ళకు సగం ఎక్కదు, అడిగితే నవ్వుతారని అడగరు. అందుకే నా గ్యాంగులో ఒక్కొక్కడినీ బెల్టు హుక్కు ఎక్కడ తగిలిస్తావో చేసి చూపించమంటున్నా, చూపించాకే స్కఫోల్డింగ్ ఎక్కనిస్తా. ఒకడు పైపుకు తగిలించాల్సింది పక్కనున్న కేబులుకు తగిలించాడు, చూసి నా ప్రాణం పోయినంత పనైంది. టైం వేస్టు అని ఇంజనీరు గొణుగుతాడు, గొణగనీ. కాంక్రీటు పోసేముందు సెంట్రింగ్, రాడ్, ప్లంబింగ్, కరెంటు వాళ్ళంతా కలిసి స్లాబ్ మీద ఒక చుట్టు తిరగాలని అడిగి అడిగి పెట్టించాను. ఆ ప్లంబర్లూ రాడ్ వాళ్ళూ ఇంకా సరిగా మాట్లాడుకోవడం లేదు, కానీ స్లీవు జరపాల్సొస్తే పిలుచుకుంటున్నారు. నాకదే చాలు.

ఎండల గురించి అమ్మను భయపడొద్దను. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు, మా దగ్గర ఆపుతున్నారు.

చిన్నోణ్ణి ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కే చేర్పించు. హిందీ మాట్లాడటం కూడా రావాలి వాడికి, ఇక్కడికొచ్చాక నోరు లేకపోతే చాలా కష్టం.

బతుకమ్మకు సెలవు అడిగాను, ఇంకా ఏదీ తేల్చలేదు. అమ్మకు ఇప్పుడే చెప్పకు.

నీ తమ్ముడు