కలెక్టరేట్‌లో ఆజంజాహి మిల్లుకు ఒక గది ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

వరంగల్‌లో మిల్స్ కాలనీ పోలీస్ స్టేషన్ ఉంది, మిల్లు మాత్రం లేదు. ఏ మిల్లు అని అడిగితే ఇప్పటి పిల్లలు రైస్ మిల్లేమో అంటున్నారు, వాళ్ల తప్పేం లేదు, చెప్పినవాళ్లు ఎవరు?

ఏడో నిజాం హయాంలో 1934లో ఆయన పెద్ద కొడుకు ఆజం జా పేరు మీద పెట్టిన బట్టల మిల్లు అది. చుట్టుపక్కల పత్తి లోపలికి పోయి నూలుగా, గుడ్డగా బయటికొచ్చేది. ఎవుసం, కూలి తప్ప తెలియని ఎన్నో ఇళ్లకు మొదటి నెల జీతం అక్కడి నుంచే వచ్చింది. 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందికి పోయింది, 2002లో కార్మికులకు వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇచ్చి గేటు మూసేశారు, ఆ తర్వాత స్థలం ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయింది.

మా నాన్న మగ్గాల షెడ్డులో చేసేవారు. ఆ చప్పుడులో పక్కవాడి మాట వినపడదు, అంతా చేతి సైగలే. ఆ అలవాటుకు ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవారు, పక్క పోర్షన్‌లోకి కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మా ఇంట్లో రోజూ గొడవలే అనుకునేవారు. ఇలాంటివి ఏ ఫైల్లోనూ దొరకవు.

2017లో గీసుగొండ, సంగెం దగ్గర మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేస్తూ బట్టల పని కోసం సూరత్, భివండి పోయిన మనవాళ్లను వెనక్కి తెస్తామన్నారు. మంచిదే, తేవాలి కూడా. కానీ ఆ పార్కు గురించి ఎవరు మాట్లాడినా వరంగల్‌కు బట్టల పరిశ్రమ ఇప్పుడే కొత్తగా వస్తున్నట్టు చెబుతారు!

ఇళ్ల స్థలాల కోసం మాజీ కార్మికులు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు, ఆ లెక్క తేల్చడం ముందు పని, దానికి బదులుగా నేనిది అడగడం లేదు. నేనడిగేది చిన్నది. కొత్త కలెక్టరేట్‌కు ఇచ్చింది మిల్లు స్థలమే కాబట్టి అందులో ఒక పెద్ద గది మిల్లు చరిత్రకు కేటాయించాలి. కాకతీయ యూనివర్సిటీ హిస్టరీ విద్యార్థులను పంపి పాత కార్మికుల మాటలు రికార్డు చేయించాలి. మిల్లు మూతపడే నాటికి యాభై దాటినవాళ్లకు ఇప్పుడు డెబ్బై పైనే, ఇంకో పదేళ్లు ఆగుదామంటే కుదరదు. ఫొటోలు, టోకెన్లు, జీతం చీటీలు మా వీధిలోనే నాలుగైదు ఇళ్లలో ఉన్నాయి, ఏ ఆఫీసులో ఇవ్వాలో కలెక్టర్ గారు చెబితే మేమే తెచ్చిస్తాం.

– ఒక మిల్లు కార్మికుడి కొడుకు, శివనగర్, వరంగల్