బావా, ఏడో సంతకం పడింది

నరసాపురం,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

వందనాలు. రెండు నెలలైంది నీకు రాసి, క్షమించరా. వాట్సాప్‌లో చెబుదామని మూడుసార్లు మొదలెట్టి ఆపేశాను, అందులో పట్టే సంగతి కాదిది. పిన్ని కొడుకు రేపు తెల్లారే దోహా బయల్దేరుతున్నాడు కదా, ఆవకాయ సీసా పక్కనే ఈ కాగితాలు పెట్టమన్నాను. నూనె అంటితే ఏమనుకోకు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. చెల్లికి లేసు ఆర్డర్లు బాగానే వస్తున్నాయి. మీ ఇంటి ముందు కొబ్బరిచెట్టు కొట్టించేశారు, గాలివానకి గోడమీద పడుతుందని. మిగతావి పిన్ని కొడుకు అక్కడికొచ్చాక చెప్తాడు.

అసలు సంగతి. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళ కోసం పెడదామనుకున్న మన సొసైటీకి ఏడో సంతకం పడింది! ఎవరు పెట్టారో చెప్తే నువ్వు ఉన్నచోటే కూలబడతావ్. లేసు అత్తయ్య. ఆయ్, ఆవిడే. రెండు జామకాయలు కోసినందుకు చీపురుకట్ట తిరగేసిన అత్తయ్య.

ఉండు, మొదట్నించీ చెప్తాను. సొసైటీ రిజిస్టర్ చెయ్యాలంటే మన రాష్ట్రంలో 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆరుగురం కుదిరాం: పాస్టరు అయ్యగారు, నేను, హెడ్మాస్టారు, నర్సు అక్క, మీ అన్నయ్య, మస్కట్ నుంచి వచ్చేసిన కుర్రాడు. ఏడో మనిషిగా టౌన్లో బాగా పలుకుబడి ఉన్న ఒకాయన్ని అడిగాం. సరేనన్నాడు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో కూర్చున్నాం. నేను రాసిన ఆశయాల కాగితం చదివాడాయన. "విదేశాల్లో ఉన్న క్రైస్తవ పనివారికి తోడుగా" అని రాశాను. అది చూసి, "పనివారంటే పాస్టర్లు, మిషనరీలు కదా. ఇళ్ళలో అంట్లు తోమేవాళ్ళని కూడా ఇందులో కలిపితే మన స్థాయేం కావాలి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది బావా. ఏం మాట్లాడాలో తెలీలేదు.

హెడ్మాస్టారు మాత్రం నెమ్మదిగా చెప్పారు. 1836లో ఇంగ్లండు నుంచి మన గోదావరి ఒడ్డుకి సువార్త పట్టుకొచ్చిన బౌడెన్, బీర్ ఎవరనుకున్నారు, ఒకాయన రాళ్ళు చెక్కే మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు అన్నారు. వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన గ్రోవ్స్ దొర అంతకుముందు బాగ్దాద్‌లో ఉన్నాడట, 1831లో ప్లేగు వచ్చి భార్య అక్కడే చనిపోయిందట. ఆలోచించు బావా! ఆ దొర ఆ ఎడారి వైపు నుంచి మన దేశానికొస్తే, మన ఆడాళ్ళు ఈ లంకల్లోంచి ఆ ఎడారి వైపుకే వెళ్తున్నారు. ఆ దొరలకి తమ ఊళ్ళో ప్రార్థించేవాళ్ళున్నారు. మనవాళ్ళ కోసం ఇక్కడ ఎవరున్నారు? ఆ పలుకుబడి పెద్దమనిషికి ఇవేమీ ఎక్కలేదు. పనుందని లేచి వెళ్ళిపోయాడు.

ఆరు కుర్చీలు, ఆరుగురం. ఏడోది ఖాళీ. అయ్యగారు ప్రార్థన చేసి ముగిద్దాం అంటున్నారు. అప్పుడు గుమ్మంలోంచి, "అయ్యగారూ, నేనొక మాట చెప్పొచ్చాండి?" అని వినపడింది. టీ ఫ్లాస్కు పట్టుకుని అత్తయ్య. ఎంతసేపట్నించి నిలబడిందో.

ఆవిడ అన్న మాటలు ఇంటికొచ్చి అప్పటికప్పుడే రాసుకున్నాను, అవే నీకు దించుతున్నాను.

"కువైట్లో పద్నాలుగేళ్ళు రెండు పనులు చేశానండి. పొద్దున్న అయిదు నుంచి రాత్రి పన్నెండు దాకా మేడం గారిల్లు. ఆ తర్వాత మేడమీద బట్టలారేసే చోట నిలబడి చుట్టుపక్కల ఇళ్ళలో ఉన్న మన పిల్లలకి ఫోన్లో ప్రార్థన. శుక్రవారం అందరూ గుడికెళ్తారంటారు. సిటీలో పెద్ద చర్చి కాంపౌండు ఉంది, తెలుగు ఆరాధన కూడా ఉంది. పద్నాలుగేళ్ళలో నేను మూడుసార్లు చూశానండి దాన్ని. మా బోటి వాళ్ళకి సెలవెక్కడిది? మేడమీదే మా గుడి. ఆ పిల్లల్లో ఒకమ్మాయి గోడ దూకి చచ్చిపోదామనుకుంటే తెల్లార్లూ ఫోన్ పెట్టెయ్యకుండా మాట్లాడాను. నేను పనిమనిషినో సేవకురాలినో మీరే రాసుకోండి."

ఒక్కరం మాట్లాడలేదు. బయట గోదావరి దాటించే పంటు కూత వేసింది, సఖినేటిపల్లి వైపు వెళ్ళేది.

ఆవిడ అక్కడితో ఆపలేదు. "ఇంకోటండి. ఆ పద్నాలుగేళ్ళూ ఇంటినుంచి ఫోనొస్తే ఎప్పుడు పంపుతావు, ఎంత పంపుతావు. తిన్నావా అని అడిగినవాళ్ళు లేరండి. నా కొడుకులు మంచోళ్ళే, వాళ్ళనేం అనట్లేదు. మీరు డబ్బులివ్వక్కర్లేదు. వారానికోసారి ఫోన్ చేసి తిన్నావా అని అడగండి చాలు."

బావా, నేనూ నీకు చేసినప్పుడల్లా... సర్లే. ఆ సంగతి తర్వాత.

నేను రాసిన ఇంకో ముక్క కూడా ఆవిడే పట్టుకుంది. సాయం క్రైస్తవులకు మాత్రమే అని రాశాను కదా. భీమవరం ఆడిటరు గారు ముందే చెప్పారు, ఒక మతం వాళ్ళకే అని రాసుకుంటే దాతలకి ఆదాయపు పన్ను మినహాయింపు రాదని. ఫర్వాలేదనుకున్నాను. అత్తయ్య లెక్క వేరు. "పక్కింట్లో కడప పిల్లుండేది, పెట్టెలో వెంకన్న ఫోటో పెట్టుకునేది. నాకు వారం రోజులు జ్వరమొస్తే గోడమీంచి గంజి అందించింది. రేపు ఆ పిల్ల మీకు ఫోన్ చేస్తే ఏ సంఘమమ్మా మీది అని అడుగుతారా?" అంది. ఆ 'మాత్రమే'ని నేనే పెన్నుతో కొట్టేశాను. మనం క్రీస్తు పేరున చేస్తాం, అది దాచుకోం. వచ్చినవాళ్ళని మాత్రం అడగం.

అప్పుడు అయ్యగారు ఆ ఖాళీ కుర్చీ ముందుకి జరిపి, "కూర్చోండమ్మా, ఏడో సంతకం మీదే" అన్నారు. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, ఒక్కో అక్షరం కుట్టినట్టు రాసింది. లేసు కుట్టే వేళ్ళు కదా. నర్సు అక్క ఏడ్చేసింది. మీ అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. సభ్యత్వం వంద రూపాయలంటే రొంటిన ఉన్న సంచీలోంచి తీసి మొదట ఇచ్చింది కూడా ఆవిడే.

పేరింకా కుదర్లేదు. హెడ్మాస్టారు ఒకటి అంటారు, కుర్రాడు ఇంకోటి. నీకేమైనా తడితే చెప్పు.

డబ్బు సంగతి నువ్వు జాగ్రత్తగా విను, అక్కడ నలుగురికీ చెప్పాల్సింది నువ్వే. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, తీసుకోవచ్చు. పాస్‌పోర్టు మార్చుకున్నవాళ్ళది మాత్రం విదేశీ డబ్బే. దానికి కేంద్రం దగ్గర వేరే రిజిస్ట్రేషన్ కావాలి, అందుకు సంస్థకి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. అందుకే న్యూజెర్సీ అన్నయ్య డాలర్లు పంపుతానంటే దండం పెట్టి వద్దన్నాం. పాపం నొచ్చుకున్నాడు.

వెళ్ళేవాళ్ళకి ముందే చెప్పడం ఒక పని. పోయిన వారం మలికిపురం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, ఇరవై ఆరేళ్ళు, ఇంటిపనికని విజిట్ వీసా చేతిలో పెట్టాడట ఏజెంటు. పదో తరగతి పాసవలేదు, పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంది, అంటే గల్ఫ్‌లో పనికెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని. అలాంటివాళ్ళు ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్ఫై నిండాలి, అదీ ప్రభుత్వ సంస్థ ద్వారానే. విజిట్ వీసా మీద వెళ్తే పది లక్షల ప్రవాసీ బీమా కూడా ఉండదు. రెండేళ్ళకి 275 రూపాయలేరా ఆ బీమా! అత్తయ్య ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని రెండు గంటలు మాట్లాడింది. ఆగుతుందో లేదో. అప్పున్న ఇల్లు.

నీకు గుర్తుందిగా, మనిద్దరం రేవులో నిలబడి ఉంటే అంబులెన్సు పంటు ఎక్కిన రోజు. అందులోని శవపెట్టె మీద ఇంగ్లీషులో రాసిన పేరు తప్పుంది, వాళ్ళమ్మ చదవలేక ఇది మా అమ్మాయేనా అని నిన్నడిగింది. నువ్వు అప్పుడే అన్నావు ఏదో ఒకటి చెయ్యాలిరా అని. అన్న నెలకే నువ్వూ విమానం ఎక్కేశావు. నిందగా అనట్లేదు. ఆ మాట నేను వదల్లేదని చెప్తున్నానంతే.

మొన్న శుక్రవారం ఫోన్లు మొదలెట్టాం. ఒక్కొక్కళ్ళకి అయిదు పేర్లు. నా కాగితంలో మొదటి పేరు ఒమన్‌లో ఉన్న ఒక అక్క, అంతర్వేది దగ్గర ఊరు. ఫలానా చర్చి నుంచి అంటే, "ఎంత పంపాలండి?" అంది వెంటనే. డబ్బు కోసం కాదక్కా, తిన్నావా అని అడుగుదామని చేశానన్నాను. ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. చాలాసేపటికి, "చేపల పులుసు వండానండి వాళ్ళకి. నేనింకా తినలేదు" అంది. సరే అక్కా, కంచం తెచ్చుకో, నేను లైన్లోనే ఉంటానన్నాను. తింటూ మాట్లాడింది, పద్దెనిమిది నిమిషాలు. వాళ్ళ ఊళ్ళో సరుగుడు తోట ఇంకా ఉందా అని అడిగింది. వచ్చే శుక్రవారం వెళ్ళి చూసొచ్చి చెప్తానన్నాను.

దోహా పేర్లు పదకొండున్నాయి, నీకు వెనక కాగితం మీద రాశాను. నువ్వు శుక్రవారం మెసైమీర్‌లో చర్చిలున్న చోటికి ఆరాధనకి వెళ్తావు కదా, వాళ్ళలో ఎవరికి సెలవిస్తారో, ఎవరిని బయటికే రానివ్వరో కొంచెం...

పిన్ని కొడుకు వచ్చేశాడు, పెట్టె కట్టేస్తున్నాడు, కాగితాలిమ్మంటున్నాడు. ఇంకో సంగతుంది నీతో చెప్పాల్సింది, అమ్మ గురించి, మళ్ళీ రాస్తాను. బావా, నువ్వు తిన్నావా?

నీ
బావ